తార్నాక నుంచి మాచ్‌నూర్ దాకా

విశ్వవిద్యాలయంలో విద్యార్థులు నడిపే డిజిటల్ మీడియా ల్యాబ్ పైకి చూస్తే చిన్న వ్యవహారమే. నాలుగు కంప్యూటర్లు, రెండు మూడు కెమెరాలు, గోడలకు ఫోమ్ అతికించిన ఒక ఇరుకు గది, తాళం వేసిన ఒక బీరువా. ఒక గ్రాంటు వస్తే ఇవన్నీ కొనేయవచ్చు. తర్వాత నడపడమే కష్టం. ఈ గదిలో పని నేర్చినవాళ్లు రెండేళ్లకోసారి మూకుమ్మడిగా వెళ్లిపోతారు. పీజీ మొదటి ఏడాది కెమెరా పట్టిన విద్యార్థి రెండో ఏడాది చివరికి ఇంకొకరికి నేర్పగలిగే స్థితికి వస్తాడు. అప్పటికి టీసీ చేతికొచ్చే వేళవుతుంది. సామాను మిగులుతుంది, దాని గుట్టు తెలిసినవాళ్లు మిగలరు. ఈ చిక్కును ఎవరెవరు ఎలా ఎదుర్కొన్నారో చూడాలంటే హైదరాబాద్‌ను తూర్పు నుంచి పడమరకు దాటి, ముంబై రహదారి మీదుగా జహీరాబాద్ ప్రాంతం దాకా వెళ్లాలి. దేశంలోని పాత జర్నలిజం శాఖల్లో ఒకటి, ప్రభుత్వ విద్యా టెలివిజన్ కేంద్రాలు, ఒక క్యాంపస్ రేడియో, చివర్న ఏ డిగ్రీలతోనూ పనిలేని ఒక పల్లె స్టూడియో ఈ దారిలో వరుసగా తగులుతాయి.

ప్రయాణం మొదలయ్యేది తార్నాకలో. నాగోల్ నుంచి రాయదుర్గం వెళ్లే నీలం లైను మెట్రో ఇక్కడ ఆగుతుంది. ఉస్మానియా, ఇఫ్లూ (ఇంగ్లిష్ అండ్ ఫారిన్ లాంగ్వేజెస్ యూనివర్సిటీ) ప్రాంగణాలు రెండూ ఇక్కడికి దగ్గరే. ఉర్దూ బోధనా భాషగా 1918లో మొదలైన ఉస్మానియాకు గుర్తు 1939లో ప్రారంభమైన ఆర్ట్స్ కాలేజి భవనం. సికింద్రాబాద్–ఫలక్‌నుమా లైను మీద ఆ కాలేజి పేరుతోనే ఒక ఎంఎంటీఎస్ స్టేషన్ ఉంది. సినిమా షూటింగులు, పెళ్లి ఫొటోలవాళ్లు, ధర్నాలు చేసే విద్యార్థులు, ఆ ధర్నాలను చిత్రీకరించే చానళ్లవాళ్లు అందరూ ఆ మెట్ల ముందుకే వస్తారు. తెలంగాణ ఉద్యమ కాలంలో టీవీ తెరమీద ఆ భవనం కనబడని రోజులు తక్కువ. కెమెరా పట్టుకోవడం నేర్చుకునే విద్యార్థికి ఇంతకంటే మంచి ఆరుబయలు తరగతి ఉండదు.

ఉస్మానియాలో జర్నలిజం శాఖ 1954లో మొదలైంది. డిజిటల్ అన్న మాట వినబడడానికి ఎన్నో ఏళ్ల ముందే ఇక్కడ మీడియా ల్యాబ్ ఉండేది. దాని పేరు ల్యాబ్ జర్నల్. విద్యార్థులే విలేకరులుగా, సబ్ ఎడిటర్లుగా, పేజీలు దిద్దేవాళ్లుగా ఉండి తీసే చిన్న పత్రిక అది. ఈ శాఖ ల్యాబ్ జర్నల్‌కు ‘ఉస్మానియా కొరియర్’ అని పేరు. దేశంలో చాలా జర్నలిజం శాఖలు ఇలాంటి పత్రికలు నడిపాయి. వార్త కోసం తిరగడం, శీర్షిక పెట్టడం, పేజీలో జాగా చాలక మంచి వాక్యాన్ని కొట్టేయడం విద్యార్థి పరీక్ష కోసం కాక అచ్చు కోసం చేస్తాడు. తేడా అంతా అక్కడే ఉంది.

ల్యాబ్ జర్నల్‌కు ఉన్న అసలు బలం గడువు. ప్రెస్సుకు పంపాల్సిన రోజు దాటితే సంచిక లేదు. డిజిటల్ ల్యాబుల్లో మొదట పోయింది ఇదే. ఇంటర్నెట్‌లో పెట్టేదానికి తేదీతో పని లేదు కాబట్టి ఇవాళ కాకపోతే రేపు అనుకుంటారు. ఆ రేపు సెమిస్టర్ పరీక్షల్లో కలిసిపోతుంది. వారానికో బులెటిన్, నెలకో సంచిక, ఫలానా రోజు ఫలానా గంటకు రేడియో కార్యక్రమం అంటూ తప్పించుకోలేని తేదీ ఏదో ఒకటి మెడ మీద ఉన్న ల్యాబే బతుకుతుంది. అలాంటి తేదీ లేని చోట ఎంత ఖరీదైన కెమెరా అయినా ఏడాదికి రెండుసార్లు, వార్షికోత్సవానికి ఒకసారి, ముఖ్య అతిథి వచ్చినప్పుడు ఇంకోసారి బయటికొస్తుంది. ల్యాబును ఫంక్షన్ల ఫొటోగ్రాఫర్‌గా మార్చేయడం విశ్వవిద్యాలయ పాలనా విభాగాలకు ఉన్న పాత అలవాటు.

పేజీ కంప్యూటర్ మీదికి వచ్చాక తెలుగు ల్యాబులకు ప్రత్యేకమైన తలనొప్పి ఒకటి వచ్చింది. డీటీపీ సెంటర్లలో స్థిరపడిన అను వంటి పాత ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాల గదుల్లో తెలుగు ముక్కలను కూర్చి పనిచేస్తాయి. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిస్తే తెలుగు మాయమై అర్థంలేని రోమన్ అక్షరాలు, గుర్తులు కనిపిస్తాయి. యూనికోడ్‌లో తెలుగుకు 1991 నాటి మొదటి కూర్పులోనే చోటు దొరికింది. ఇప్పుడు ఫోన్‌లో టైపు చేసే ప్రతి తెలుగు అక్షరమూ యూనికోడే. అయినా అచ్చు ప్రపంచంలో పాత ఫాంట్ల పట్టు త్వరగా సడలలేదు. విద్యార్థి వార్తను ఫోన్‌లో యూనికోడ్‌లో కొడతాడు, పేజీ పెట్టే మనిషి దాన్ని పాత ఫాంటులోకి మారుస్తాడు, మార్పిడిలో కొన్ని ఒత్తులు ఎగిరిపోతాయి, ప్రూఫు దిద్దినవాడు ఆ తప్పులు విలేకరివే అనుకుంటాడు.

కొత్త సాఫ్ట్‌వేర్‌లోనూ ఒక సెట్టింగు తెలియకపోతే ఇదే గతి. ఇన్‌డిజైన్‌లో భారతీయ లిపులకు సరిపడే కంపోజర్‌ను ఎంచుకోకపోతే ఒత్తులు, గుణింతాలు విడిపోయి నిలబడతాయి. వీడియోలో పేర్లు వేసేటప్పుడు ప్రీమియర్‌లోనూ దక్షిణాసియా లిపుల టెక్స్ట్ ఇంజన్‌ను విడిగా ఎంచుకోవాలి. ఈ ఒక్క సంగతి ఒక బ్యాచికి తెలిసి, కాగితం మీద ఎక్కక, తర్వాతి బ్యాచి మళ్లీ మొదటి నుంచి వెతుక్కోవడం తెలుగు మీడియా ల్యాబుల్లో మామూలే. గోడకు అంటించిన ఒక్క కాగితంతో తీరే సమస్య ఇది. పెద్ద మాన్యువల్ రాయబోయి మధ్యలో ఆపేసే ల్యాబుల కంటే, యంత్రం పక్కనే పది వాక్యాల కాగితం అంటించిన ల్యాబు మేలు.

ఉస్మానియా పొరుగునే ఇఫ్లూ ఉంది. 1958లో ఇంగ్లీషు బోధన కోసం పుట్టిన సంస్థ, సీఫెల్‌గా చాలాకాలం పేరుపడి, 2007లో కేంద్రీయ విశ్వవిద్యాలయం అయింది. ఈ రెండు ప్రాంగణాలకూ ఉమ్మడి చరిత్ర ఒకటి ఉంది. 1984 ఆగస్టు 15న యూజీసీ దూరదర్శన్ ద్వారా ‘కంట్రీవైడ్ క్లాస్‌రూమ్’ ప్రసారాలు మొదలుపెట్టింది. వాటికి కార్యక్రమాలు తయారు చేయడానికి కొన్ని విశ్వవిద్యాలయాల్లో మీడియా కేంద్రాలు ఏర్పడ్డాయి. హైదరాబాద్‌లో ఉస్మానియా, సీఫెల్ రెండింటికీ అవి దక్కాయి. ఈ కేంద్రాలన్నిటినీ సమన్వయం చేయడానికి 1993లో కన్సార్షియం ఫర్ ఎడ్యుకేషనల్ కమ్యూనికేషన్ అనే సంస్థ వచ్చింది. 2017లో ‘స్వయం’ అనే ప్రభుత్వ ఆన్‌లైన్ వేదిక వచ్చాక ఈ కేంద్రాల పని టీవీ పాఠాల నుంచి ఆన్‌లైన్ కోర్సుల వైపు మళ్లింది.

ఇవి విద్యార్థుల ల్యాబులు కావు. నిర్మాతలు, కెమెరామన్లు, ఇంజనీర్లు, ఎడిటర్లు ఉద్యోగులుగా ఉండే పెద్ద స్టూడియోలు. పని నేర్చినవాళ్లు వెళ్లిపోయే చిక్కు వీటికి లేదు. మనుషులు దశాబ్దాలపాటు అక్కడే ఉంటారు, లైటు ఎక్కడ పెడితే నీడ పడదో చీకట్లో కూడా చెప్పగలరు. కానీ విద్యార్థి ఇక్కడ ప్రేక్షకుడు, మహా అయితే ఇంటర్న్. కెమెరా ముందు ప్రొఫెసర్, వెనక ఉద్యోగి. అదే ప్రాంగణంలో కొద్ది దూరాన జర్నలిజం విద్యార్థులు స్టూడియో కోసం వెతుక్కుంటూ ఉంటే, ఈ స్టూడియో రికార్డింగు లేని రోజుల్లో తాళంతో ఉండటం ఏ విశ్వవిద్యాలయంలోనైనా జరగవచ్చు. రెండు విభాగాల బడ్జెట్ పద్దులు వేరు, రెండు బీరువాల తాళాలు వేరు. స్టూడియోను వారానికి ఒక పూట విద్యార్థులకు వదిలే ఏర్పాటుకు కొత్త గ్రాంటు అక్కర్లేదు, ఒక సర్క్యులర్ చాలు. ఆ సర్క్యులర్ రాయించడమే గ్రాంటు తేవడం కంటే కష్టం కావచ్చు.

ఈ కేంద్రాల తరం ఇంకో పాఠం కూడా చెబుతుంది. 1980ల్లో పాఠాలు యూమాటిక్ టేపుల మీద, తర్వాత బీటాక్యామ్ మీద, ఆపైన డిజిటల్ టేపుల మీద నమోదయ్యాయి. టేపు చెక్కుచెదరకపోయినా దాన్ని తిప్పే ప్లేయర్ ఆగిపోతే అందులోని పాఠం పోయినట్టే. విడిభాగాలు దొరకవు, బాగుచేసే మెకానిక్ రిటైరవుతాడు. హార్డ్ డిస్కులకూ ఇదే జరుగుతుంది, కాకపోతే ఇంకా తొందరగా. ఎవరి దగ్గరో ఉన్న సాఫ్ట్‌వేర్‌లో, ఎవరికీ తెలియని పాస్‌వర్డు వెనక, లేబుల్ లేని డిస్కులో పడి ఉన్న డాక్యుమెంటరీ పరిస్థితి ప్లేయర్ లేని టేపుతో సమానం.

తార్నాక నుంచి మెట్రో మెట్టుగూడ, సికింద్రాబాద్, బేగంపేట, అమీర్‌పేట మీదుగా ఊరిని అడ్డంగా కోస్తూ రాయదుర్గం చేరుతుంది. కిటికీలోంచి రైల్వే క్వార్టర్లు పోయి గాజు మేడలు వస్తాయి. పెట్టెలో సగం మంది చేతుల్లో ఫోన్లు ఉంటాయి. వాటిలో కనబడే పొట్టి వీడియోలను తీసినవాళ్లలో చాలామంది ఏ ల్యాబులోనూ చదవలేదు. విశ్వవిద్యాలయం కెమెరా పట్టడం నేర్పే ఏకైక చోటుగా ఉన్న కాలం అయిపోయింది. ఫోను నేర్పనివి మూడు నాలుగు ఉన్నాయి: మంచి శబ్దం పట్టడం, తీసినదాన్ని భద్రపరచడం, చూపిన మనిషికి జవాబుదారీగా ఉండటం, నలుగురు కలిసి ఒకే పని పూర్తిచేయడం. ల్యాబు ఉండాల్సింది వీటి కోసం.

రాయదుర్గంలో మెట్రో ఆగిపోతుంది. అక్కడినుంచి గచ్చిబౌలి కూడలి దాటి బస్సులోనో ఆటోలోనో హైదరాబాద్ విశ్వవిద్యాలయం చేరాలి. 1973 నాటి ఆరు సూత్రాల ఒప్పందం ఫలితంగా, రాజ్యాంగ సవరణ ద్వారా 371-ఇ అధికరణం చేర్చి ఏర్పాటు చేసిన కేంద్రీయ విశ్వవిద్యాలయం ఇది. 1974లో మొదలైంది. తొలినాళ్లు నాంపల్లి దగ్గర సరోజినీ నాయుడు ఇల్లు ‘గోల్డెన్ త్రెషోల్డ్’లో గడిచాయి. తర్వాత ఊరికి దూరంగా బండరాళ్లు, చెరువుల మధ్య గచ్చిబౌలిలో దాదాపు 2,300 ఎకరాలు కేటాయించారు. ఊరే నడిచొచ్చి ఆ ప్రాంగణాన్ని చుట్టుముట్టింది. సరోజినీ నాయుడు పేరుతోనే 1988లో కళలు, కమ్యూనికేషన్ పాఠశాల వచ్చింది. నృత్యం, నాటకం, చిత్రకళ, కమ్యూనికేషన్ ఒకే నీడన ఉండటం ల్యాబుకు పెద్ద లాభం. నాటక విద్యార్థి గొంతు, చిత్రకళ విద్యార్థి కన్ను పక్క గదిలోనే దొరుకుతాయి.

ఈ ప్రాంగణం నుంచి 90.4 మెగాహెర్ట్జ్ మీద ‘బోల్ హైదరాబాద్’ అనే క్యాంపస్ రేడియో 2011లో మొదలైంది. దాని వెనక ఒక పెద్ద కథ ఉంది. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని 1995 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. 2002 చివర్లో కేంద్రం విద్యాసంస్థలకు కమ్యూనిటీ రేడియో అనుమతులు ఇవ్వడానికి ఒప్పుకుంది. 2004 ఫిబ్రవరిలో చెన్నైలోని అన్నా విశ్వవిద్యాలయం ‘అన్నా ఎఫ్ఎం’తో ఆ దారిలో మొదటి అడుగు వేసింది. 2006లో స్వచ్ఛంద సంస్థలకూ తలుపు తెరిచారు. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో కమ్యూనికేషన్ ఆచార్యులు వినోద్ పావురాల, కాంచన్ మలిక్ ఈ పోరాటం మీద 2007లో ఒక పుస్తకం రాశారు. 2011లోనే ఇక్కడ కమ్యూనిటీ మీడియా మీద యునెస్కో పీఠం ఏర్పడింది.

రేడియో అనుమతి రావడం అంటే మెడ మీద గడువు రావడమే. ప్రసార శక్తి మామూలుగా 100 వాట్లు, అది కొద్ది కిలోమీటర్ల మేరకే చేరుతుంది. కార్యక్రమాల్లో కనీసం సగం స్థానికంగా తయారు కావాలి. సొంత వార్తలు చదవకూడదు, ఆకాశవాణి వార్తలను ఉన్నవి ఉన్నట్టు వినిపించవచ్చు. జర్నలిజం చదివే పిల్లలు నడిపే స్టేషన్‌లో వార్తలు ఉండకూడదనడం వింతే. సెలవుల్లో కూడా ప్రసారం ఆగకూడదు. క్యాంపస్ రేడియో నిజంగా పరీక్షకు నిలబడేది మే నెలలో. హాస్టళ్లు ఖాళీ అయి, పాత బ్యాచి వెళ్లిపోయి, కొత్త బ్యాచి రాని ఆ వారాల కోసం ముందే రికార్డు చేసి నిల్వ పెట్టకపోతే ట్రాన్స్‌మిటర్ పాటల పెట్టెగా మారుతుంది. పాటలు వేసినా వాటి హక్కుల సంస్థలకు రుసుము లెక్క ఉంటుంది. తరగతిలో బోధన కోసం వాడుకోవడానికి కాపీరైటు చట్టం ఇచ్చే వెసులుబాటు ప్రసారానికి వర్తిస్తుందనుకోవడం ల్యాబుల్లో తరచూ కనిపించే అపోహ.

ఇలాంటి ల్యాబు రోజువారీ నడక మొత్తం ఒక రిజిస్టరు చుట్టూ తిరుగుతుంది. ఎవరు, ఏ కెమెరా, ఏ లెన్సు, ఎన్ని బ్యాటరీలు, ఏ మైకు, ఎప్పుడు తీసుకున్నారు, ఎప్పుడు తెచ్చారు, తెచ్చినప్పుడు ఎలా ఉంది. కెమెరా పోవడం అరుదు. పోయేవి చిన్నవే: ట్రైపాడ్ తలకు బిగించే పలక, కాలర్ మైకు క్లిప్పు, కార్డు రీడర్, మైకు గాలి తొడుగు. వంద రూపాయల పలక లేకపోతే లక్ష రూపాయల కెమెరా చేతిలోనే వణుకుతుంది. అందుకే తెలివైన ల్యాబులు సామానును విడివిడిగా కాక సంచులుగా ఇస్తాయి. ఒక్కో సంచిలో ఏమేముండాలో దాని మూత లోపల రాసి ఉంటుంది. ఇచ్చేటప్పుడు, తీసుకునేటప్పుడు ఆ జాబితా గట్టిగా చదువుతారు.

రిజిస్టరు ఎవరి చేతిలో ఉండాలన్నది అసలు తగువు. ల్యాబ్ అసిస్టెంటు చేతిలో ఉంటే సామాను భద్రం. కానీ అతని డ్యూటీ సాయంత్రం ఐదుకు అయిపోతుంది, విద్యార్థి పని మొదలయ్యేది అప్పుడే. ఎడిటింగు రాత్రి పని. తాళం విద్యార్థుల కమిటీకి ఇస్తే గది రాత్రంతా వెలుగుతుంది. ఏదైనా విరిగినప్పుడు మాత్రం సంతకం పెట్టిన ప్రొఫెసర్ స్టాక్ వెరిఫికేషన్‌లో జవాబు చెప్పుకోవాలి. ఈ భయంతో తాళం వేసి పెట్టిన పరికరాలు వాడకంలో విరిగినవాటి కంటే ఎక్కువగా పాడవుతాయి. తేమకు లెన్సుల లోపల బూజు పడుతుంది. పూర్తిగా దిగిపోయి నెలల తరబడి పడున్న లిథియం బ్యాటరీ మళ్లీ ఛార్జి ఎక్కకపోవచ్చు. సెలవులకు ముందు బ్యాటరీలను సగం ఛార్జిలో ఉంచి, చల్లని చోట పెట్టి వెళ్లడం ఐదు నిమిషాల పని.

నిల్వ లెక్క ఇంకా కఠినం. సెకనుకు 100 మెగాబిట్ల వేగంతో 4కె వీడియో తీస్తే గంటకు 45 గిగాబైట్లు అవుతుంది. ఇరవై మంది విద్యార్థులు తలా ఐదు గంటల ఫుటేజి తెస్తే 4,500 గిగాబైట్లు. దానికి రెండో కాపీ ఉంచితే రెట్టింపు. శబ్దం మాత్రం చవక. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ల స్టీరియో రికార్డింగు గంటకు ఒక గిగాబైటు దాటితే కొద్దిగా దాటుతుంది. డబ్బు తక్కువ ఉన్న శాఖలు వీడియోకు ముందు రేడియోతో మొదలుపెట్టడానికి ఈ లెక్క ఒక్కటే చాలు. మూడు కాపీలు, రెండు రకాల మాధ్యమాల మీద, అందులో ఒకటి వేరే భవనంలో ఉంచడం భద్రతకు అందరూ చెప్పే సూత్రం. విద్యార్థుల ల్యాబులో దాన్ని పాటించడం మనుషుల మీద ఆధారపడితే సాగదు. కార్డు తెచ్చి ఇవ్వగానే రిజిస్టరులో సంతకంతో పాటు కాపీ అయిందన్న గుర్తు కూడా పడాలి, ఆ గుర్తు పడేదాకా కార్డు ఫార్మాట్ చేయకూడదు.

ఫైలు పేరు కూడా ఇందులో భాగమే. ‘ఫైనల్’, ‘ఫైనల్ కొత్తది’, ‘అసలు ఫైనల్’ అనే మూడు ఫైళ్లు లేని విద్యార్థి కంప్యూటర్ ఉండదు. ఏడాది, నెల, తేదీ, చోటు, తీసినవారి పేరు అన్న వరుసలో పెట్టిన పేరు పదేళ్ల తర్వాత కూడా దొరుకుతుంది. దీన్ని మార్కులతో ముడిపెట్టిన అధ్యాపకుల శాఖల్లోనే ఆర్కైవు మిగిలింది.

హైదరాబాద్ విశ్వవిద్యాలయ ప్రాంగణంలో అసలు ఫైలు విలువ 2025లో బాగా తెలిసొచ్చింది. విశ్వవిద్యాలయాన్ని ఆనుకున్న కంచ గచ్చిబౌలిలోని 400 ఎకరాల్లో మార్చి నెలాఖరులో యంత్రాలు చెట్లు తొలగించడం మొదలుపెట్టాయి. విద్యార్థులు ఫోన్లలో తీసిన వీడియోలు దేశమంతా తిరిగాయి. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పనులు ఆపమని ఆదేశించింది. అదే సమయంలో కృత్రిమ మేధతో చేసిన బొమ్మలు కూడా నిజమైనవిగా ప్రచారమయ్యాయని రాష్ట్ర ప్రభుత్వం ఆరోపించింది. ఎవరి మాట ఎంత నిజమన్న వాదన ఎలా ఉన్నా, ల్యాబుకు ఇందులో ఒక పని కనబడుతుంది. వాట్సాప్‌లో చేతులు మారిన వీడియోలో తీసిన సమయం, పరికరం వివరాలు సాధారణంగా మిగలవు. ఫోన్‌లోని అసలు ఫైలును అదే రోజు తెచ్చి, మార్చకుండా భద్రపరిచే చోటు ఒకటి ప్రాంగణంలో ఉంటే, తర్వాత ఎవరు ప్రశ్నించినా చూపడానికి ఆధారం ఉంటుంది.

కొనుగోళ్ల సంగతి క్లుప్తంగా చెప్పుకోవచ్చు. ఇండెంటు, కొటేషన్లు, ప్రభుత్వ కొనుగోళ్ల జెమ్ పోర్టల్, టెండరు దాటి సామాను వచ్చేసరికి అడిగిన మోడల్ పాతబడుతుంది. గ్రాంటు కెమెరాకు వస్తుంది గాని కేబుళ్లకు, మరమ్మతులకు రాదు. పాడైనదాన్ని కండెమ్ చేయడానికి పట్టే కాలంలో అది బీరువాలో చోటు ఆక్రమించి కూర్చుంటుంది. ఇవి తెలిసిన శాఖలు ఒకే పెద్ద కెమెరా బదులు ఒకే రకం బ్యాటరీ పట్టే నాలుగు మధ్యరకం కెమెరాలు కొంటాయి.

విశ్వవిద్యాలయం గేటు బయటి పాత ముంబై రహదారి లింగంపల్లి మీదుగా పటాన్‌చెరు చేరుతుంది. అక్కడ మెట్ట పంటల పరిశోధనా సంస్థ ఇక్రిశాట్, ఆపైన కంది దగ్గర హైదరాబాద్ ఐఐటీ. సంగారెడ్డి, సదాశివపేట దాటాక ఎర్ర నేలలు, జొన్న, కంది, చెరకు. జహీరాబాద్ హైదరాబాద్‌కు వంద కిలోమీటర్ల పైచిలుకు. వికారాబాద్ మీదుగా రైలు కూడా ఉంది. జహీరాబాద్ దగ్గరి పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ, అక్కడికి కొంత దూరంలో ఝరాసంగం మండలం మాచ్‌నూర్ ఉన్నాయి. 2008 అక్టోబరు 15న మాచ్‌నూర్‌లో ‘సంఘం రేడియో’ ప్రసారం మొదలైంది. బోల్ హైదరాబాద్ లాగే దీనిదీ 90.4 మెగాహెర్ట్జే. తక్కువ శక్తి స్టేషన్లు కాబట్టి ఒకే తరంగం మీద ఇంత దూరాన రెండూ ఒకదానికొకటి అడ్డం రావు.

సంఘం రేడియోను నడిపేది ఆ సొసైటీకి చెందిన దళిత మహిళా రైతుల సంఘాలు. యునెస్కో సహాయంతో 1998 నాటికే స్టూడియో సిద్ధమైంది గాని అనుమతి రాలేదు. పదేళ్లపాటు వాళ్లు కార్యక్రమాలు రికార్డు చేసి, క్యాసెట్లను సంఘాల సమావేశాలకు పట్టుకెళ్లి వినిపించారు. విత్తనాలు, చిరుధాన్యాలు, పాటలు, మందు మొక్కలు, ఆడవాళ్ల కష్టసుఖాలు అందులో సరుకు. జనరల్ నర్సమ్మ, అల్గోల్ నర్సమ్మ అనే ఇద్దరి గొంతులతో ఈ స్టేషన్ పేరు పడింది. ప్రసారం లేకుండానే గడువులు పెట్టుకుని పదేళ్లు పనిచేసిన ఈ ఓపిక విశ్వవిద్యాలయ ల్యాబులకు అర్థం కావడం కష్టం. అక్కడ పదేళ్లంటే ఐదు బ్యాచులు.

సొసైటీ స్థాపకుల్లో ఒకరైన పి.వి. సతీష్ టెలివిజన్ నిర్మాతగా పనిచేసిన మనిషి. 1975–76లో అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6 ద్వారా ఆరు రాష్ట్రాల్లోని 2,400 పల్లెలకు టీవీ చేర్చిన సైట్ ప్రయోగానికి హైదరాబాద్ ఒక నిర్మాణ కేంద్రం. ఆ ప్రయోగంలో పనిచేసిన అనుభవం ఉన్నవాడు పల్లెలో కెమెరా నేర్పినప్పుడు ఏం జరిగిందన్నది పాఠ్య పుస్తకాల్లో ఉండాల్సిన సంగతి. కెమెరాను పైనుంచి కిందికి చూపితే మనిషి చిన్నగా కనిపిస్తాడు, ఊరి పటేలు చూసే చూపు అది కాబట్టి ఆ మహిళలకు అది పటేల్ షాట్ అయింది. కింది నుంచి పైకి చూసేది జీతగాడి షాట్. కంటికి సమానంగా చూసేది సంఘం షాట్. తాము తీసేది మూడోదే అని తేల్చుకున్నారు. హై యాంగిల్, లో యాంగిల్ అని బట్టీపట్టిన పీజీ విద్యార్థి ఎవరిని ఎక్కడినుంచి చూస్తున్నాడో ఆలోచించడానికి సెమిస్టర్ చాలకపోవచ్చు. వరంగల్ రైతుల బీటీ పత్తి కష్టాల మీద 2003లో ఆ మహిళలు తీసిన చిత్రాన్ని దేశం బయటా చూపించారు.

మాచ్‌నూర్‌లో బ్యాచులు లేవు. నేర్చుకున్నవాళ్లు ఊళ్లోనే ఉన్నారు, తర్వాతి మనిషికి పక్కన కూర్చోబెట్టుకుని నేర్పారు. విశ్వవిద్యాలయం దీన్ని ఉన్నదున్నట్టు తెచ్చుకోలేదు, కొంత మాత్రం చేయగలదు. మొదటి ఏడాది విద్యార్థిని రెండో సెమిస్టర్ నుంచే సీనియర్ పక్కన డ్యూటీకి వేయడం, మార్చిలోనే రిజిస్టరు, పాస్‌వర్డులు, నిల్వ కార్యక్రమాలు జూనియర్లకు అప్పగించి చివరి రెండు నెలలు సీనియర్లను సలహాదారులుగా ఉంచడం, ఒక్క ల్యాబ్ టెక్నీషియన్ పోస్టునైనా కాంట్రాక్టు మీద కాకుండా నిలకడగా నింపడం. కమిటీలో రెండేళ్ల పీజీతో పాటు ఐదేళ్ల ఇంటిగ్రేటెడ్ కోర్సు విద్యార్థులు, పీహెచ్‌డీ పరిశోధకులు ఉంటే జ్ఞాపకం ఇంకొన్నేళ్లు నిలుస్తుంది.

డబ్బు విషయంలో పల్లె స్టేషన్‌కు, క్యాంపస్ స్టేషన్‌కు నిబంధన ఒకటే. ప్రకటనలకు గంటకు ఐదు నిమిషాలుగా ఉన్న పరిమితి పెరుగుతూ 2024 సవరణలో 12 నిమిషాలైంది. ఆ 12 నిమిషాలు నింపేంత ప్రకటనలు మారుమూల మండలంలో దొరకవు. ఊరి అంచున ఐటీ కంపెనీలు ఉన్న ప్రాంగణంలో దొరకవచ్చు గాని, తెచ్చే పని చదువుకునే పిల్లలకు అప్పగిస్తే రికార్డింగు చేసేవాళ్లు మిగలరు. జీతాలు, కరెంటు, ట్రాన్స్‌మిటర్ మరమ్మతు మాతృసంస్థ పద్దు నుంచే రావాలి.

ఈ దారిలోని అన్ని చోట్లకూ మిగిలిన ఉమ్మడి పని పాత టేపులు. గంట క్యాసెట్‌ను డిజిటల్‌లోకి మార్చడానికి గంట పడుతుంది, దాన్ని విని ఎవరి గొంతో, ఏ ఊరో, ఏ పంట గురించో రాయడానికి ఇంకా ఎక్కువ. మొదటి పని విద్యార్థి చేయగలడు: ప్లేయర్ శుభ్రం చేసి, శబ్ద మట్టం సరిచూసి, 48 కిలోహెర్ట్జ్‌లో నమోదు చేసి, ఫైలుకు పేరు పెట్టడం. రెండో పనికి జహీరాబాద్ ప్రాంతపు యాస, విత్తనాల పేర్లు తెలిసిన చెవి కావాలి. అందుకని ఇలాంటి ప్రాజెక్టులో ఒక విద్యార్థి, ఒక సంఘం మహిళ జంటగా కూర్చోవాలి. విద్యార్థికి అది క్రెడిట్లుగా, ఆమెకు రోజు కూలికి తగ్గని గౌరవ వేతనంగా బడ్జెట్‌లో ముందే చూపించాలి.